లెక్కలో లేని నేల

"మా రోజుల్లో..." అని నేను నోరు తెరిస్తే చాలు, మా ఇంటామెకు పొయ్యి మీది పాలు గుర్తొస్తాయి, పక్కనున్న పిల్లోళ్లకు సెల్‌ఫోన్‌లో అర్జెంటు పని గుర్తొస్తుంది. వినేవాళ్లు లేరని ఊరుకునే రకం కాదు నేను. కర్నూలులో కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో ముప్పై ఏండ్లు డీటీపీ అంగడి నడిపినవాణ్ణి. పెండ్లి పత్రికలు, జాతర కరపత్రాలు, బడి సావనీర్లు, పెద్దకర్మ కార్డులు... ఎంతోమంది మంచీ చెడ్డా నా హార్డ్ డిస్కులో నుంచే బయటికి వచ్చాయి. అందుకని డిస్కు గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

మొన్న ఎండాకాలం సెలవులకు మా తమ్ముని మనవడు ఇంటికి వచ్చాడు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. ల్యాప్‌టాప్ తెరిస్తే లోపల ఉబుంటు కనబడింది. ఫరవాలేదే, పిల్లోడు లైనక్స్ వాడుతున్నాడని సంతోషపడ్డాను. ఆ సంతోషం ఒక పూట కూడా నిలవలేదు.

"తాతా, డిస్కు నిండిపోయిండాది. కొత్తది కొనల్ల. ఏడు వేలు సర్దుతావా?"

"ఎంత డిస్కురా అది?"

"వన్ టీబీ."

"దాంట్లో ఎంత వాడినావు?"

"ఏమో తాతా. నిండిందని అదే చెప్తాంది."

ఆ "ఏమో" అన్న మాటకే నాకు ఒళ్లు మండింది. చెంబులో నీళ్లెన్నో తెలియకుండా చేనికి పోయేవాడు ఈ సీమలో పుట్టలేదు. వీడు పుట్టాడు.

మా రోజుల్లో "ఏమో" అనే మాట లేదు. 1992లో నేను కొన్న మొదటి కంప్యూటర్ సెకండ్ హ్యాండ్ 286. డిస్కు 40 ఎంబీ. అంటే ఈనాటి ఫోన్‌తో తీసిన ఫొటోలు పదో పన్నెండో వేస్తే నిండిపోయేంత. అందులో ఉన్న డాస్ 3.3కు ఒక్క ముక్కలో 32 ఎంబీకి మించి కనబడదు. అందుకని అన్నదమ్ముల పంపకం మాదిరి సీ డ్రైవుకు 32, డీ డ్రైవుకు 8 పంచాల్సి వచ్చింది. సీలో ప్రోగ్రాములు, డీలో గిరాకీల పని. ఆ 8 ఎంబీలోనే నెల రోజుల పెండ్లిళ్లు పట్టాలి. రాత్రి అంగడి మూసేముందు గల్లాపెట్టె లెక్క చూసుకుని, వెంటనే డిస్కు లెక్క చూసుకునేవాణ్ణి. అయిపోయిన పెండ్లిళ్లను ఫ్లాపీకి ఎక్కించి, చీటీ అంటించి, రూళ్ల నోటుపుస్తకంలో నంబరు రాసుకుని, డిస్కులో నుంచి తీసేసేవాణ్ణి. మూఢం వస్తే అంగడికి గిరాకీ ఉండేది కాదు గానీ డిస్కుకు మాత్రం ఊపిరి ఆడేది. నన్ను నడిరోడ్డులో ఆపి ఎంత ఖాళీ ఉందని అడిగితే కిలోబైట్లతో సహా చెప్పేవాణ్ణి. అట్ల అడిగినవాళ్లు ఎవరూ లేరు, అది వేరే సంగతి.

తర్వాత 2 జీబీ డిస్కులు వచ్చాయి. సముద్రం చేతికి వచ్చిందనుకున్నాం. కానీ అప్పటి ఫ్యాట్16 పద్ధతిలో 2 జీబీని ఒకే ముక్కగా వాడితే, ఒక్కో ఫైలుకు తక్కువలో తక్కువ 32 కిలోబైట్ల గూడు ఇస్తుంది. రెండు లైన్ల అడ్రసు ఫైలైనా సరే, 32 కిలోబైట్లు మింగాల్సిందే. గుక్కెడు నీళ్లకు బిందెడు తోడినట్టు. అందుకని తెలిసినవాళ్లం ఆ డిస్కును 512 ఎంబీ లోపు ముక్కలు నాలుగు చేసేవాళ్లం. అప్పుడు గూడు 8 కిలోబైట్లకు దిగుతుంది. ఈ లెక్క మాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. డిస్కు చిన్నది, అవసరం పెద్దది. కరువు నేర్పిన చదువు అది.

లైనక్స్ నా చేతికి వచ్చింది 1990ల చివర, పీసీక్వెస్ట్ పత్రికతో పాటు ఇచ్చిన సీడీలో. పత్రిక చదివినవాళ్లకన్నా సీడీ కోసం కొన్నవాళ్లే ఎక్కువేమో. దాన్ని ఎక్కించాలంటే ముందు డిస్కులో ఖాళీ నేల చూపించాలి. ఎఫ్‌డిస్క్ అనే నల్ల తెర. ముక్కల పట్టిక చూడటానికి 'పీ', కొత్త ముక్కకు 'ఎన్', తీసేయడానికి 'డీ', రాసేయడానికి 'డబ్ల్యూ'. ఆ 'డబ్ల్యూ' నొక్కేదాకా ఏం చేసినా కాగితం మీది గీతే. నొక్కితే రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే. ఆ మీట నొక్కేముందు వేలు వణికేది. అట్ల వణకడమే మంచిదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఈ ఎఫ్‌డిస్క్ నాకు చప్పున ఎక్కడానికి కారణం మా నాయన. మా ఊరి కరణం దగ్గర ఆయన లెక్కలు రాసేవాడు. 1984లో కరణాల వ్యవస్థను ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా ఊరి నేలంతా ఆ పుస్తకాల్లోనే ఉండేది. అంతకుముందు కథ ఇంకా పాతది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు దత్తం చేశాక, థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉండి, దత్తమండలాల్లో చేను చేనుకూ కొలత వేయించాడు. ఏ చేను ఎంత, ఎవరిది, శిస్తు ఎంత అని కాగితానికి ఎక్కించాడు. మా నాయన ఒక మాట అనేవాడు: "నేల ఉంటే సాలదురా, లెక్కలో ఉండల్ల. లెక్కలో లేని నేలకు నాగలి రాదు, నీళ్లు రావు, అప్పు పుట్టదు."

డిస్కులో కూడా అంతే. డిస్కు ఎంత పెద్దదైనా, దాని మొదట్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. 1983లో డాస్ 2.0తో వచ్చిన ఆ పాత పట్టిక మొత్తం 64 బైట్లు. ఒక్కో ముక్కకు 16 బైట్ల వరుస, అట్ల నాలుగే వరుసలు. ఈ ముక్క ఇక్కడ మొదలు, ఇంత పొడవు, ఈ రకం అని రాసి ఉంటుంది. అదే కరణం పుస్తకం. ఆ పుస్తకానికి ఎక్కని జాగానే 'అనలొకేటెడ్' అంటారు. కేటాయించని జాగా. అది పాడైపోయింది కాదు, పోయింది కాదు. ఉంది. లెక్కకు ఎక్కలేదు, అంతే. 2 టీబీకి మించిన డిస్కులు వచ్చాక ఆ పాత పట్టికకు వాటిని కొలిచే శక్తి చాలలేదు. అందుకే జీపీటీ అనే కొత్త పుస్తకం వచ్చింది. అందులో మామూలుగా 128 ముక్కలకు చోటు. పైగా పుస్తకం ఒకటి డిస్కు మొదట్లో, నకలు ఒకటి డిస్కు చివర్లో. ఆ నకలు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ల్యాప్‌టాప్ నా ముందుకు లాక్కున్నాను. మొదట 'డీఎఫ్' కొట్టించాను. మౌంటు అయిన, అంటే వాడకానికి తగిలించిన ముక్కల్లో ఎంత నిండిందో, ఎంత మిగిలిందో చెప్పే కమాండు అది. వచ్చిన జవాబు: మొత్తం 219 జీబీ, వాడింది 208, మిగిలింది సున్నా. నూటికి నూరు.

"సూడు తాతా, చెప్తే నమ్మవు."

"నమ్మినాలే. వన్ టీబీ అంటివి కదా, 219 ఏందిరా?"

పిల్లోడు తెర వంక చూశాడు, నా వంక చూశాడు. మళ్లీ "ఏమో" అనబోయి ఆగాడు. కనీసం అంత జ్ఞానం వచ్చింది.

డీఎఫ్ చెప్పేది దున్నుతున్న చేని లెక్క. ఊరి మొత్తం నేల ఎంతో తెలియాలంటే వేరే కమాండు ఉంది, 'ఎల్ఎస్‌బీఎల్‌కే'. అది కొట్టించాను. డిస్కు మొత్తం 931.5 జీబీ. దాని కింద కొమ్మల మాదిరి రెండే ముక్కలు. ఒకటి 512 ఎంబీ, కంప్యూటర్ లేవడానికి. రెండోది 223.1 జీబీ, అసలు సిస్టమ్. కూడిక వేయమన్నాను. 223.6. మొత్తంలో నుంచి తీసేయమన్నాను. 707.9.

"ఏడు నూర్ల జీబీ యాడికి పాయె తాతా?"

"యాడికీ పోలే. నీ కండ్ల ముందరే బీడు పడుండాది."

పోయిన ఏడాది వీడి పాత 240 జీబీ డిస్కు తీసి 1 టీబీది వేయించుకున్నాడట. పేరెందుకు గానీ, ఒక అంగట్లో. అంగడివాడు పాత డిస్కును కొత్తదానికి ఉన్నదున్నట్టు క్లోన్ చేశాడు. అది తప్పు పని కాదు, మంచి పద్ధతే. కానీ క్లోన్ అంటే పాత పటాన్ని కొత్త నేల మీద పరచడం. నాలుగెకరాల పటాన్ని పదహారు ఎకరాల నేల మీద పరిస్తే గట్లు నాలుగెకరాలకే పడతాయి. మిగతాది కలిపి ఇవ్వడం ఐదు నిమిషాల పని. అది చేయలేదు, డబ్బు మాత్రం తీసుకున్నాడు. వీడు కూడా అడగలేదు. ఏడాదిగా పావు డిస్కులో కాపురం చేసి, ఇరుకైందని ఇంకో డిస్కుకు బయల్దేరాడు.

మా రోజుల్లో డిస్కు వేసిచ్చేటప్పుడు గిరాకీ ముందర కూర్చోబెట్టి, ఎఫ్‌డిస్క్ పట్టిక చూపించి, "ఇదో, ఇంత ఉంది, ఇట్ల పంచినాను" అని చెప్పి పంపేవాళ్లం. గిరాకీకి అర్థమైందా లేదా అన్నది తర్వాతి మాట. లెక్క అప్పజెప్పడం మన ధర్మం.

నిజం చెప్పాలంటే, కేటాయింపు అనే మాట వింటే ఈ సీమలో ఎవరికైనా ఎక్కడో కలుక్కుమంటుంది. 1973లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీళ్లను పంచినప్పుడు కర్నూలు-కడప కాలువకు, అదే కేసీ కాలువకు, 39.9 టీఎంసీలు రాసింది. అవి నికర జలాలు. కానీ కాగితం మీద ఉన్న నీళ్లు కడప దగ్గరి ఆయకట్టు చివరిదాకా ఏ ఏడు పూర్తిగా వచ్చాయో అక్కడి రైతునే అడగాలి. తెలుగుగంగ, హంద్రీనీవా, గాలేరు-నగరి మాత్రం మిగులు జలాల మీద ఆశ పెట్టుకున్నవి. మిగులు అంటే వాడుకోవచ్చు గానీ హక్కు లేదు. కేటాయించినా అందనిది ఒకటి, పారుతున్నా కేటాయింపు లేనిది ఒకటి. ఈ రెండు మాటల మధ్య మా జీవితాలన్నీ గడిచిపోయాయి.

ఆ కేసీ కాలువ పుట్టుకలో ఇంకో వింత ఉంది. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దాన్ని తవ్వించింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి నీళ్లు మళ్లించారు, పడవలు కూడా నడిపారు. తీరా నీళ్లు వచ్చాక నల్లరేగడి రైతులు వాటిని అంతగా వాడుకోలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోతే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. చేని పక్కనే నీళ్లు పారుతున్నా వాడుకోని కాలం ఒకటి ఉండేదంటే ఇప్పుడెవరు నమ్ముతారు? మా వాడి డిస్కు చూశాక నేను నమ్మాను.

ఒక్క తేడా ఉంది. నీళ్ల కేటాయింపు మన చేతుల్లో లేదు. ట్రిబ్యునళ్లు, ప్రభుత్వాలు, పక్క రాష్ట్రాలు, పైన వాన దేవుడు. డిస్కు అట్ల కాదు. ఈ లోకంలో సీమవాడు ఎవరినీ అడగకుండా తనకు తాను కేటాయించుకోగలిగింది ఇదొక్కటే. అది కూడా చేసుకోకపోతే ఎట్ల?

పని మొదలుపెట్టాం. ముందుగా ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డిస్కుకు కాపీ తీయించాను. పిల్లోడు గొణిగాడు, "ఎందుకు తాతా, చెరిపేది లేదు కదా" అని. అప్పుడు నా పాత గాయం చూపించాల్సి వచ్చింది.

1999లో నా అంగట్లో రెండు డిస్కులుండేవి. లైనక్స్ వాటిని హెచ్‌డీఏ, హెచ్‌డీబీ అని పిలిచేది. ఒక రాత్రి కొత్తగా తెచ్చిన డిస్కును ఫార్మాట్ చేయబోయి, బీకి బదులు ఏ కొట్టాను. ఒకే ఒక అక్షరం. ఒక బడి స్వర్ణోత్సవ సావనీరు, 96 పేజీలు, మర్నాడు ప్రెస్సుకు పోవాల్సింది, పోయింది. ప్రూఫు కాగితాలు ముందర పెట్టుకుని ఆరు రాత్రులు మళ్లీ టైపు చేశాను. ఆ తప్పుకు నేను తప్ప బాధ్యులు ఎవరూ లేరు. అప్పటి నుంచి నాది ఒకటే నియమం: డిస్కును పేరుతో గుర్తుపట్టను, సైజుతో గుర్తుపడతాను. కాపీ తీయకుండా గట్టు ముట్టను.

తర్వాత 'పార్టెడ్' అనే కమాండు తెరిపించి, ఖాళీతో సహా పట్టిక చూపమన్నాం. అప్పుడు అది ఇచ్చిన హెచ్చరిక చూసి నవ్వొచ్చింది. ఈ డిస్కులో ఉన్న జాగా అంతా వాడుతున్నట్టు లేదు, సరిచేయమంటావా, వదిలేయమంటావా అని అడిగింది. ఇందాక చెప్పిన నకలు పుస్తకం ఉంది చూడండి, అది డిస్కు చివర ఉండాలి. క్లోన్ చేసినప్పుడు అది పాత 240 జీబీల చివరనే నిలిచిపోయింది. అందుకే దానికి అనుమానం వచ్చింది. ఏడాదిగా వీడికి రాని అనుమానం యంత్రానికి ఒక్క క్షణంలో వచ్చింది. సరిచేయమన్నాం. నకలు వెళ్లి డిస్కు అసలైన చివరన కూర్చుంది.

ఇక ఇద్దరే పనివాళ్లు. 'గ్రోపార్ట్' అనేది గట్టు జరుపుతుంది, అంటే రెండో ముక్క హద్దును డిస్కు చివరిదాకా నెడుతుంది. గట్టు జరిగినంత మాత్రాన చేను పెరగదు, దున్నాలి కదా. ఆ దున్నే పని 'రీసైజ్2ఎఫ్ఎస్'ది. అది ఫైల్ సిస్టమ్‌ను కొత్త హద్దుదాకా పరుస్తుంది. ఈ రెండోది మరిచిపోయి, ముక్క పెరిగినా జాగా రాలేదని తల పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఆ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4 రకమైతే కంప్యూటర్ నడుస్తుండగానే పెంచుకోవచ్చు. ఆపక్కర్లేదు, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. రెండు కమాండ్లూ కలిసి పది లెక్కపెట్టేలోపు అయిపోయాయి. డీఎఫ్ మళ్లీ కొట్టాడు. మొత్తం 916 జీబీ, మిగులు ఆరు నూర్ల అరవై చిల్లర.

ఇక్కడ నా నోటికి తాళం పడింది. ఎందుకంటే మా రోజుల్లో ఈ పని ఒక రోజు పట్టేది. అంతా ఫ్లాపీలకో టేపుకో ఎక్కించి, ముక్కలు చెరిపి, కొత్తగా కోసి, సిస్టమ్ మళ్లీ ఎక్కించి, ఫైళ్లు తిరిగి దించి. మధ్యలో కరెంటు పోతే మొదటికి. పనిముట్లు మావాటి కన్నా వెయ్యి రెట్లు నయం. చూసుకునే బుద్ధే తగ్గింది. ఆ మాట అన్నాను. పిల్లోడు వినలేదు, 916 ఎందుకైంది, 1000 ఎందుకు కాలేదని అడిగాడు. అడిగాడు కదా, అంతవరకు మెచ్చుకోవాలి.

డిస్కు తయారుచేసేవాడు వెయ్యితో కొలుస్తాడు, లోపల కంప్యూటర్ 1024తో కొలుస్తుంది. అందుకే డబ్బా మీది 1 టీబీ తెర మీద 931 అవుతుంది. మోసం ఏమీ లేదు. కల్లంలో కొలిచే పడి వేరు, అంగట్లో కొలిచే పడి వేరు. అదే గింజలు, వేరే లెక్క. ఆ 931లో ఇంకొంత ఫైల్ సిస్టమ్ తన సొంత లెక్కల పుస్తకాలకు తీసుకుంటుంది. అందుకే 916.

"మరి 916లో 208 తీసేస్తే 708 ఉండల్ల కదా? 660 ఏంది?"

ఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం జాగాను రూట్ కోసం, అంటే సిస్టమ్ యజమాని కోసం పక్కన పెడుతుంది. డిస్కు మొత్తం నిండినా సిస్టమ్ బతికి ఉండటానికి, లాగ్‌లు రాసుకోవడానికి, మనం లోపలికి పోయి చెత్త తీయడానికి. ఎంత కరువొచ్చినా విత్తనం శనక్కాయలు తినగూడదని మా అవ్వ అటక మీద మూట కట్టి పెట్టేది. ఇదీ అదే. సిస్టమ్ ఉన్న ముక్కలో దాన్ని ముట్టుకోవద్దు. సినిమాలు, ఫొటోలు మాత్రమే పెట్టుకునే ముక్కలో అయితే 'ట్యూన్2ఎఫ్ఎస్'తో ఒక శాతానికి తగ్గించుకోవచ్చు.

అందరి ఖాళీ ఇంత సులువుగా కలవదు. మా వాడి అదృష్టం, బీడు వాడి చేనికి ఆనుకుని కుడిపక్కన ఉంది. విండోసూ లైనక్సూ రెండూ ఉన్న కంప్యూటర్లలో, విండోస్ ముక్కను కుదించి తీసిన ఖాళీ లైనక్స్ ముక్కకు ఎడమపక్కన పడుతుంది. అప్పుడు ఫైల్ సిస్టమ్ మొత్తాన్ని ముందుకు జరపాలి. పెన్‌డ్రైవు నుంచి లైవ్ లైనక్స్ లేపి, జీపార్టెడ్‌తో ఆ పని చేయొచ్చు. ఖాళీ జాగా అందులో బూడిద రంగులో కనబడుతుంది. కానీ గంటలు పట్టే పని. మన ఊర్ల కరెంటును నమ్మి మొదలుపెట్టకండి. ఆ బదులు ఆ ఖాళీని వేరే చేనుగానే దున్నుకోండి. కొత్త ముక్క చేసి, ఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి, 'డేటా' అని ఒక ఫోల్డరు పెట్టి, అక్కడికి మౌంటు చేయండి. కంప్యూటర్ లేచినప్పుడల్లా అదే మౌంటు కావాలంటే ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో ఒక వరుస రాయాలి. ఆ వరుసలో డిస్కు పేరు కాకుండా యూయూఐడీ రాయండి. పేర్లు ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండకపోవచ్చు. ఎర్రచేను అంటే ఊర్లో పది ఉంటాయి, సర్వే నంబరు ఒకటే ఉంటుంది. రాశాక రీస్టార్ట్ చేసేముందే 'మౌంట్ మైనస్ ఏ' కొట్టి చూడండి. తప్పుంటే అక్కడే తిడుతుంది. చూడకుండా రీస్టార్ట్ చేస్తే సిస్టమ్ లేవకుండా మొండికేయొచ్చు.

ఇంకో రకం ఉంది, ఎల్‌వీఎం. అది ఉమ్మడి కుటుంబం. డిస్కులన్నీ ఒక ఉమ్మడి గంపలో వేసి, అందులో నుంచి అవసరాన్ని బట్టి ముక్కలు తీసిస్తారు. ఉబుంటు సర్వర్ ఎక్కించేటప్పుడు ఎల్‌వీఎం ఎంచుకుంటే, 20 నుంచి 200 జీబీ దాకా ఉన్న డిస్కుల్లో అది సగమే సిస్టమ్ ముక్కకు ఇచ్చి మిగతాది గంపలోనే ఉంచుతుంది. ముందుచూపుతోనే ఉంచుతుంది. ఆ సంగతి తెలియక, సగం డిస్కు ఖాళీగా ఉండగానే సర్వర్ నిండిందని గగ్గోలు పెట్టేవాళ్లున్నారు. 'వీజీఎస్' కొడితే గంపలో ఎంత మిగిలిందో చెప్తుంది. 'ఎల్‌వీఎక్స్‌టెండ్'కు 'మైనస్ ఆర్' తగిలిస్తే గట్టూ జరుపుతుంది, చేనూ దున్నుతుంది. ఒక జాగ్రత్త: ఎక్స్‌టీ4ను అన్‌మౌంట్ చేసి ఉంచినప్పుడు కుదించుకోవచ్చు గానీ, ఎక్స్ఎఫ్ఎస్ అనే ఇంకో రకం ఫైల్ సిస్టమ్ విషయంలో ఆ ఆశ పెట్టుకోకండి. అది పెరుగుతుంది, తగ్గదు. మా ఇంటి ఖర్చు మాదిరి.

పని అయ్యాక తెలిసింది అసలు సంగతి. డిస్కు నిండిందని వీడు ఫొటోలు, క్లాసు వీడియోలు అన్నీ క్లౌడులో పెట్టుకుని, నెలనెలా డబ్బు కడుతున్నాడు. ఏడు నూర్ల జీబీల సొంత నేల బీడు పెట్టి, నూరు జీబీలు కౌలుకు తీసుకున్నాడన్నమాట! కౌలుకు చేసి మునిగినవాళ్లను ఈ జిల్లాల్లో ఎంతోమందిని చూశాను గానీ, సొంత చేను ఉన్న సంగతే తెలియక కౌలుకు పోయినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి, లేకుంటే పాపం తగులుతుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీదికి వచ్చినప్పుడు నా అంగడి మునిగింది. నాలుగు డిస్కులు బురద తాగాయి. వాటిలో ఖాళీ ఎంత, కేటాయింపు ఎంత అని కిలోబైట్లతో సహా నాకు తెలుసు. ఏం లాభం? మిగిలింది కడపలో మా అల్లుడి ఇంట్లో దాచిన సీడీలు మాత్రమే. కాబట్టి వేరే ఊర్లో ఒక కాపీ ఉండాలి, అది క్లౌడైనా సరే, అల్లుడి బీరువా అయినా సరే. అది పంట బీమా. కానీ బీమా ఉందని ఎవరూ చేను బీడు పెట్టుకోరు కదా.

ఇదంతా పిల్లోడికి చెబుతుంటే మా ఇంటామె మజ్జిగ గ్లాసులు తెచ్చి మా ముందర పెట్టింది. "కంప్యూటర్లో జాగా వెతికింది సాలు గానీ, ఆ అటక సంగతి సూడండి. మూడు డబ్బా టీవీల మాదిరి మానిటర్లు, రెండు ప్రింటర్లు, గోతాల్లో ఫ్లాపీలు. విత్తనాల మూట పెట్టుకోను జాగా లేదు. దాన్ని కూడా ఏదో కొట్టి కాళీ చేయగూడదా?"

పిల్లోడు మజ్జిగ పొలమారేలా నవ్వాడు. నేను నవ్వలేదు. ఆమె అన్నది నిజమే. డిస్కు మీద కిలోబైటు లెక్క చూసినవాణ్ణి, అటక లెక్క ఇరవై ఏండ్లుగా చూడలేదు. ఫ్లాపీలు చదివే యంత్రం ఇంట్లో లేదు, ఫ్లాపీలు మాత్రం గోతం నిండా ఉన్నాయి. మర్నాడు పొద్దున ఇద్దరం కూర్చుని వాటిని పాత సామాన్ల బండికి వేసేశాం. రూళ్ల నోటుపుస్తకం మాత్రం ఉంచుకున్నాను. ఆ మాత్రం రిజర్వు ఉండాలి.

ఏడు వేలు మిగిలాయి. నా దగ్గర కాదు, వాళ్ల అవ్వను మంచి చేసుకుని పిల్లోడే సగం కొట్టేశాడు.

చివరిగా మీకు చెప్పేది ఒకటే. కొత్త డిస్కు కొనడానికి అంగడికి పోయేముందు ఇంట్లో కూర్చుని ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టండి. పైన మొత్తం ఎంత, కింద ముక్కలన్నీ కలిపితే ఎంత, కూడి చూడండి. తేడా ఒకటి రెండు జీబీలకు మించి కనబడితే అది మీ నేలే. ముందు కాపీ తీయండి, తర్వాత గట్టు జరపండి.